డాబా మీది గాలికి వారసురాలు

ఈ వీధిలో అందరూ కరపత్రాలాయన అని పిలిచే నేను, అచ్చాఫీసు యజమానిని, యాభై ఏడేళ్లవాణ్ని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే సోమవారం నా గుండెకు ఆపరేషన్. మతి నిలకడగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. అసూయ గురించి అందులో ఏమీ లేదు. నేను అడగలేదు, ఆయన రాయలేదు.

ఇదివరకటి వీలునామా ఈ రోజుతో రద్దు. అది పెళ్లికి ముందు రాసింది. సొంత ఆస్తి అనేదే ఉండకూడదని అందులో గట్టిగా రాశాను. అప్పుడు నాకు ఆస్తి లేదు.

దీన్ని అమలు చేసే బాధ్యత మా చెల్లెలిది. నోటరీ దగ్గర పనిచేస్తుంది. నా మాట ఎప్పుడూ సగమే వింటుంది గాని, కాగితం మీద ఉన్నది చివరి అక్షరం దాకా చదువుతుంది.

1. అచ్చాఫీసు, అందులోని యంత్రాలు, పాత కటింగ్ మిషన్ తప్ప, నాతో పంతొమ్మిదేళ్లు పనిచేసిన బైండరుకు చెందాలి. ఆమె చేతుల్లో అది నాకంటే బాగా నడుస్తుంది. నా ఉపన్యాసాలు లేకపోతే పని కూడా వేళకు అవుతుంది. ఒకటే షరతు. పేదవాళ్ల ఇళ్లు కూల్చే నోటీసులు అచ్చు వేయమని ఎవరొచ్చినా, ఎంతిచ్చినా, వేయకూడదు.

2. నా రాతబల్ల, పుస్తకాలు మా అమ్మాయికి. నర్సు ఉద్యోగంలో నిలబడే పొద్దంతా గడుస్తుంది. ఇంటికొచ్చాక కూర్చోవడానికి ఒక మంచి బల్ల ఉండాలి. కింద చెప్పబోయే గొడవలో అది వాళ్లమ్మ పక్షం వహించింది. "అమ్మని ఒక్కసారి అడిగుంటే అయిపోయేది కదా నాన్నా" అంది. అందుకు కోపం ఉంది. బల్ల మాత్రం దానికే.

3. మున్సిపల్ ఆఫీసులో నేను పెట్టిన అర్జీ నా తర్వాత కూడా నడవాలి. ఇంటిపన్ను పెంచడానికి మా వీధి కప్పులన్నీ కొలవమని, పక్కింటి మేడ మీద అద్దెకుండే సర్వేయరుకు ఆఫీసువాళ్లు పని అప్పగించారు. అతను డ్రోన్ ఎగరేస్తాడు. అది ఆరేసిన లుంగీల మీద, తల ఆరబెట్టుకునే ఆడవాళ్ల మీద, మంచం పట్టి ఎండకు పడుకున్న ముసలివాళ్ల మీద చక్కర్లు కొడుతుంది. బంగళాల పేట మీద ఎందుకు ఎగరదని అడిగాను. అక్కడ యజమానుల అనుమతి కావాలన్నారు. అంటే పెద్ద గేటున్నవాడికి మర్యాద, రెండు గదులవాడికి కెమెరా. నా డాబా పైన ఎంత ఎత్తు దాకా నన్ను అడగాలో చెప్పమంటే, ఆ ఆఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పంపారు.

విచారణ రోజున సర్వేయరు నేను ఒకప్పుడు రాసిన పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. "భూమి ఎవడి సొత్తూ కాదని రాశారు కదా సార్. మరి గాలి మీ సొత్తెలా అయింది?" అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. నాకు అప్పుడు తోచని జవాబు ఇక్కడ రాస్తున్నాను. గాలి నాదని నేను అనలేదు. అందులోంచి నన్ను తొంగిచూసే హక్కు నీది కాదన్నాను. అద్దెకుండేవాడికీ, సొంత ఇల్లున్నవాడికీ, పాక వేసుకున్నవాడికీ ఆ మాట ఒకేలా వర్తిస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు అర్జీకి జత చేయాలి.

4. నేను వేసిన కరపత్రాల్లో మిగిలిన నాలుగు కట్టలు సర్వేయరుకు. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, కొలతలు రాసుకోవచ్చు. ఈ వీలునామాకు సాక్షిగా ఉంటానని ముందుకొచ్చాడు. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండటం మంచిది కాదని చెల్లెలు చెప్పింది. అందుకే అతనికి ఆస్తి రాశాను.

ఆ కరపత్రంలో డ్రోన్ వచ్చిన పదకొండు రోజుల పట్టిక ఉంది. తేదీ, సమయం, ఆ వేళ డాబా మీద ఉన్నవారు. మూడో గడిలో పదకొండు వరుసల్లోనూ 'నా భార్య' అని ఉంది. సాక్ష్యం బలంగా ఉంటుందనుకున్నాను. నీళ్ల ట్యాంకు వెనక నిలబడి రాసుకున్నాను. అక్కడి నుంచి ఆమె వీపు, పైకెత్తిన తల మాత్రమే కనిపించేవి. పిట్టగోడ అవతల నుంచి సర్వేయరు "భలే టీచరుగారూ, భలే" అనడం వినిపించేది. యంత్రానికి ముఖం చూపించి నిలబడుతోందనుకున్నాను. ఐదు వందల కాపీలు వీధంతా పంచాక టీకొట్టు ఆయన పక్కకు పిలిచి, "అన్నా, ఇది డ్రోన్ మీద ఫిర్యాదా, వదిన మీదా?" అన్నాడు. అప్పటికి గాని, నా అనుమానాన్ని నేనే అచ్చు వేసి పంచానని నాకు వెలగలేదు.

నా భార్య స్కూల్లో భూగోళం చెబుతుంది. పాతికేళ్లుగా నా అచ్చాఫీసు నుంచి వెళ్లే ప్రతి కాగితానికీ ప్రూఫు చూసేది ఆమే. ఆ ఒక్కటి చూపించలేదు. వీధిలో అందుకుంది. ఎర్ర సిరాతో దిద్ది నా బల్ల మీద పెట్టింది. ఏడో వరుసలో బుధవారం కొట్టేసి గురువారం అని రాసింది. దాని పక్కనే, "ఈ ఒక్కరోజు సర్వేయరు ఎగరేశాడు. మిగతా పదీ నేనే."

5. ఇల్లు, దాని కింద నేల, డాబా, డాబా పైన ఎంత దూరం మాదని చట్టం ఎప్పటికైనా తేలిస్తే అంత దూరం, అన్నీ నా భార్యకు. ఆమె ఒప్పుకోకుండా ఆ గాలిలోకి ఏ యంత్రమూ రాకూడదు. ఆఫీసు పనైనా సరే.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే కరపత్రం వేస్తావు" అంది. మళ్లీ తనే, "ఇరవై నాలుగేళ్లు గోడకు పటం తగిలించి పాఠం చెప్పాను. ఒక్కసారైనా పైనుంచి చూడాలనిపించింది" అంది.

ఆ పది రోజుల వీడియోలూ చూపించమని సర్వేయరును పట్టుబట్టాను. మా డాబా, అతని నవ్వు, ఆమె నవ్వు కనిపిస్తాయనుకుని కూర్చున్నాను. లేవేటప్పుడు, దిగేటప్పుడు తప్ప మా ఇల్లే లేదు. పదిసార్లూ డ్రోన్ రైలు యార్డు దాటింది, ఇటుక బట్టీలు దాటింది, కాలవ వెళ్లి నదిలో కలిసే మలుపు దగ్గర ఆగింది. అక్కడ చాలాసేపు నిలబడింది. నా వైపు అంతసేపు ఆమె ఎప్పుడు చూసిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒక మగవాడి మీద కుళ్లుకోవడం తేలిక, ఎదురుపడి తిట్టొచ్చు. కాలవ మీద ఎలా కుళ్లుకోవాలో ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

సర్వేయరు మీద కుళ్లు తగ్గిందనుకోకండి. ఏడు వారాలు పిట్టగోడ అవతల నిలబడి, విసుక్కోకుండా ఆమెకు నేర్పాడు. నేను నా భార్యకు ఏమీ నేర్పలేదు. నా తప్పులు దిద్దించుకున్నాను.

6. కటింగ్ మిషన్ అమ్మి, వచ్చిన డబ్బుతో నా భార్యకు సొంత డ్రోన్ కొనాలి. మంచిది, దూరం వెళ్లేది. పక్కింటివాడి దగ్గర అరువు తెచ్చుకుని ఆమె ఎగరకూడదు. మన వీధి దాటేదాకా ఎవరి డాబా మీదా దాన్ని ఆపొద్దని ఆమెను కోరుతున్నాను. ఇది షరతు కాదు. షరతులు పెట్టే మొహం నాకు లేదు.

వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందని చెల్లెలు పదేపదే చెబుతోంది. మిగతావి ఆగుతాయి. ఆరో అంశం మాత్రం, ఆపరేషన్ నుంచి నేను బతికొచ్చినా సరే, వెంటనే అమలు కావాలి. ఆమె దాన్ని మొదటిసారి ఎగరేసే రోజున సర్వేయరు ఊళ్లో లేకుండా చూసే పూచీ చెల్లెలిదే.

2024 నవంబరు 12, మంగళవారం.

(సంతకం) కరపత్రాలాయన

సాక్షులు:
టీకొట్టు యజమాని
ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాన్