పెద్దాఫీసు కుర్చీకి నారింజ బట్ట

కుర్చీలు కుట్టే మేస్త్రి గారికి,

నమస్కారం. మా చెత్తబండి డ్రైవరు మీ కొట్టు ముందు ఒక కుర్చీనీ ఒక గోనెసంచినీ దించుతాడు. కుర్చీ పెద్దాఫీసుది. ముప్పై అయిదేళ్లలో ఏడుగురు అధికారులు అందులో కూర్చుని జనం మొర విన్నారు, అంటే వినలేదు. ఇప్పుడు వాళ్లకు గిర్రున తిరిగే కుర్చీలు వచ్చాయి కాబట్టి దీన్ని పాత సామాన్ల కొట్టుకు తోలేశారు. మేం కొనుక్కున్నాం.

మేమంటే ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్ల సంఘం. నేను దానికి కార్యదర్శిని. ఉత్తరాలు రాయడం, తగవు పెట్టుకోవడం నా పనులు. పదో తేదీన అధికారులు మొట్టమొదటిసారి మా గదికి చర్చలకు వస్తున్నారు. ఇన్నాళ్లూ చర్చలంటే వాళ్ల గదిలోనే, వాళ్లు కూర్చుని, మేం నిలబడి. నిలబడ్డ మనిషి మాట సగం దూరమే పోతుంది. మిగతా సగాన్ని కాళ్ల నొప్పి తినేస్తుంది. ఈసారి మా అధ్యక్షురాలు కూర్చుని మాట్లాడాలి. ఆమె ఈల వేస్తే నాలుగు వీధులకు వినబడుతుంది, అందుకని అందరూ ఈలక్క అంటారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆమె ఒక్క అధికారి ఎదుటా కూర్చుని ఎరగదు.

సంచిలో ఇరవై రెండు పనికోట్లున్నాయి. చేతుల్లేనివి, మండే నారింజ రంగు, వెండి పట్టీలు. పనిలోంచి దిగిపోయిన మావాళ్లవి. కుర్చీకి వేయాల్సిన బట్ట అదే. నలుపు వద్దు, గోధుమరంగు వద్దు, 'హుందాగా ఉంటుందండీ' అనే సలహా అసలే వద్దు. హుందాతనం పేరు చెప్పే మమ్మల్ని ఇన్నేళ్లు గుమ్మం దగ్గర ఆపారు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: నేను ఫోను చేయను. ఫోనులో అన్న మాట మర్నాటికి అనని మాట అవుతుంది.

*

కార్యదర్శి అమ్మగారికి,

నమస్కరించి రాసేదేమంటే, ఇక్కడ నేనూ మా ఆవిడా కులాసా. కుర్చీ అందింది. మంచి కర్ర. సంచి కూడా అందింది గానీ మీ డ్రైవరు సామాను ముందు దించి, ఉత్తరం జేబులో మర్చిపోయి మర్నాడు తెచ్చాడు. ఈలోగా ఆ పీలికలు పాలిష్ తుడుచుకోవడానికి పంపారనుకున్నాం. ఎంత మంచి మనసో అని మా ఆవిడ మిమ్మల్ని మెచ్చుకుంది కూడా. మూడు వాడేశాం. పంతొమ్మిది ఉన్నాయి.

నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఇలాంటి బట్ట ఎవరూ ఇవ్వలేదు. పెళ్లికూతురికి రోడ్డుపని కోటు తొడిగినట్టుంటుందమ్మా. మీ ఇష్టం.

ఇంకో సంగతి. పాత బట్ట విప్పే ముందు మేస్త్రి ఆ కుర్చీలో కాసేపు కూర్చోవాలి, అది మా పద్ధతి. ఎక్కడ కుంగిందో, ఏ స్ప్రింగు పొడుస్తోందో చేతికి తెలియదు, ఒంటికి తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను. ఎదురుగా ఎవరో గొంతు సవరించుకున్నారు. మా ఆవిడ అనుకున్నాను. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. లేచాను, ఆగిపోయింది. మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఇద్దరు. ఆ తర్వాత కాగితం మడత విప్పుతున్న చప్పుడు.

చిత్తగించవలెను,
మేస్త్రి

తా.క.: మా పిల్లి కొట్టుకు అడ్డంగా తిన్నగా నడిచేది. కుర్చీ వచ్చినప్పటి నుంచీ వంకర్లు తిరుగుతోంది. మధ్యమధ్యలో ఆగి, ఎవరి కాళ్లకో ఒళ్లు రాసుకుని మరీ వెళుతోంది.

*

మేస్త్రి గారికి,

ముందుగా, నన్ను అమ్మగారూ అనకండి. ఊళ్లో అమ్మగార్లు ఎక్కువై మనుషులు తక్కువయ్యారు.

పీలికల సంగతి. ఒక్కో కోటు వెనక ఒక మనిషి ఇరవై ఏళ్లు ఉన్నాయి. మీరు దానితో పాలిష్ తుడిచారు. ఊరు ఊరంతా చేసేదీ అదే. మీరు నయం, చెప్పారు.

ఇక మీ దయ్యం. దయ్యాలు లేవు. ఉంటే ముందుగా మావాళ్లకే కనబడాలి, శ్మశానం వీధి ఊడ్చేది వాళ్లే కదా. మీకు వినబడింది దయ్యం కాదు, భయం. అధికారి కుర్చీలో ఒక పనివాడు కూర్చున్నాడు. కూర్చోగానే 'నువ్వా?' అని గొంతు సవరించే అధికారి ఒకడు మీ బుర్రలోనే కాపురం ఉన్నాడు. అద్దె కూడా ఇవ్వడు. వాణ్ణి ఖాళీ చేయించకుండా ఎన్ని కుర్చీలు కుట్టి ఏం లాభం?

అయినా పని ఆగకూడదు. కాబట్టి ఆ అధికారికి ఒక చీటీ జతపరుస్తున్నాను. కుర్చీలో కూర్చుని, గట్టిగా, భయపడకుండా చదవండి:

"నీ కాలం చెల్లింది. ఈ గదిలో నీకు పనిలేదు. నీ మాట వినేవాళ్లెవరూ ఇక్కడ లేరు, ఇక ముందు ఉండరు. తలుపు అటుంది. నడు."

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: పిల్లికి వర్గస్పృహ ఉండదు. దాని సాక్ష్యం చెల్లదు.

*

అమ్మగారూ అనొద్దన్న అమ్మగారికి,

మీరు చెప్పినట్టే కూర్చుని, గట్టిగా చదివాను. 'నీ మాట వినేవాళ్లెవరూ లేరు' అనేసరికి కొట్టంతా చెప్పుల చప్పుడు. బయటికి కాదు. అందరూ కలిసి ఒక్క అడుగు వెనక్కి వేసి, మళ్లీ నిలబడ్డారు. బాగా అలవాటైన అడుగు.

అప్పుడు తెలిసిందమ్మా. కూర్చున్నవాడు ఈ కుర్చీలో లేడు. వాడు ఏరోజుకారోజు అయిదింటికి ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు. ఇక్కడ ఉండిపోయింది వాడి ఎదుట నిలబడ్డవాళ్లు. మీరు వాణ్ణి తిట్టారు, అది వీళ్లకు తగిలింది. ముప్పై అయిదేళ్లు విన్న మాటే మళ్లీ విన్నారు, ఈసారి మంచి భాషలో.

మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ఇంటికొచ్చినవాళ్లతో మాట్లాడే తీరా ఇది" అని, బెంచీ లాక్కొచ్చి వేసి, "కూర్చోండి నాయనా, కూర్చో తల్లీ" అంది. బిందె నిండా నీళ్లు పెట్టింది. సాయంత్రానికి బిందె సగమైంది, బెంచీ నడుము వంగింది. రెండోది కూడా వేశాం.

వీళ్లు పోయినవాళ్లు కూడా కాదు. ఒక దగ్గు మా ఆవిడ గుర్తుపట్టింది, వాళ్లన్నయ్యది. అన్నయ్య నిక్షేపంలా ఉన్నాడు, మొన్ననే వచ్చి మా గొడుగు పట్టుకెళ్లాడు. ఎప్పుడో ఇంటి కాగితం కోసం పెద్దాఫీసులో నాలుగు నెలలు నిలబడ్డాడు. ఆ నాలుగు నెలలూ ఇక్కడున్నాయి. మిగతా అన్నయ్య వాళ్లింట్లో ఉన్నాడు.

వరస చివర ఒక పడుచుపిల్ల ఉంది. కంటికి ఆనదు గానీ గొంతు తెలుస్తోంది. బెంచీ వేసినా కూర్చోదు. పరీక్షకు వెళ్లేవాళ్లు వల్లె వేసినట్టు ఒకే మాట గొణుక్కుంటుంది. తడబడితే మొదటికొచ్చి మళ్లీ ఎత్తుకుంటుంది.

చిత్తగించవలెను,
మేస్త్రి

తా.క.: అన్నయ్యను పిలిచి అన్నయ్యను చూపిద్దామా అన్నాను. మా ఆవిడ వద్దంది. ఒక్కడికే గొడుగులు చాలడం లేదట.

*

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నమ్మలేదు.

నవ్వుతుంది కదా అని ఈలక్కకు చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. "మరి ఆ చీటీకి క్షమాపణ రాశావా?" అంది. "లేనివాళ్లకు క్షమాపణేమిటి?" అన్నాను. "లేనివాళ్లని చెప్పే కదే మనల్నీ ఇన్నాళ్లు పలకరించలేదు" అంది. దీనికి నా దగ్గర మంచి జవాబు ఉంది. ఇంకా దొరకలేదు.

నేను ఇంతవరకు క్షమాపణలు రాయించానే గానీ రాయలేదు. కాబట్టి ఇది క్షమాపణ కాదు, సవరణ. చదివి వినిపించండి:

"ఆ చీటీ మీకు రాసింది కాదు. మీరు ఎక్కడికీ పోనక్కరలేదు. మీ మాట వినే మనిషి పదో తేదీన ఈ కుర్చీలో కూర్చుంటుంది. అందాకా ఓపిక పట్టండి." (ఓపిక పట్టండి అన్నది కొట్టేసి చదవండి. ఆ మాట వాళ్లకు కొత్త కాదు.)

చివరనున్న ఆ పిల్ల ఏం గొణుగుతోందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపండి. నమ్మి అడగడం లేదు. కార్యదర్శిగా అడుగుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: ఇంకా నాలుగే రోజులు. దయ్యాలు కూర్చున్నాయి సరే, కుర్చీ లేచిందా?

*

అక్కకు,

కుర్చీ అయింది. లోపల పీచు మార్చాను, స్ప్రింగులు బిగించాను. కోట్లన్నీ విప్పి ముక్కలు కలిపాను. వెండి పట్టీలు వీపు మీద నిలువుగా వచ్చాయి, చేతుల మీద అడ్డంగా. పాలిష్ తుడిచిన మూడూ ఉతికి వెనకవైపు వేశాం. మరకలు పోలేదు. పనిచేసిన బట్టకు మరకలుంటే తప్పా అంది మా ఆవిడ. మొదలెట్టిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడు కొట్టుకొచ్చిన ప్రతివాడూ ముందు దాన్నే చూస్తున్నాడు. ఎండ పడితే కళ్లు చిట్లించుకోవాలి. హుందాగా ఉంది. ఆ మాట అనొద్దన్నారు, అయినా ఉంది.

మీ సవరణ చదివాను. బెంచీలు రెండూ కిర్రుమన్నాయి, ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

ఆ పిల్ల మాట ఇది. చెవి దగ్గర పెట్టి విని మా ఆవిడ చెబుతుంటే రాశాను: "అయ్యా, నేను దయ అడగడానికి రాలేదు. మా అమ్మ ఈ ఊరు ఊడ్చింది. ఆమె పేరు మీ పుస్తకంలో ఎందుకు లేదో చెప్పండి. చెప్పేదాకా కదలను." ఎప్పుడూ 'కదలను' దగ్గరే గొంతు వణుకుతుంది.

బెంచీలు కూడా పంపుతున్నాం. కూర్చున్నవాళ్లను లేపడం మర్యాద కాదని అలాగే ఎత్తించాం. రెండు ఖాళీ బెంచీలు మోయడానికి ఎనిమిది మంది పట్టారు.

మీ
మేస్త్రి

తా.క.: పిల్లి కూడా బండెక్కి మీ దగ్గరికి వచ్చేసింది. మందలో కలిసిపోయినట్టుంది. దొరికితే పంపండి, దాని సాక్ష్యం చెల్లకపోయినా మాకు కావాలి.

*

మేస్త్రి గారికి, ఇంటావిడకు,

చర్చలు ముగిశాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని అడగను.

అయిదుగురు అధికారులు వచ్చారు. ఈలక్క అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది. ఆ నారింజ మంటలో ఆమె మొహం ఎండలో ఉన్నట్టుంది. ఎదురుగా మీ బెంచీలు. చూడ్డానికి ఖాళీ. మొదటాయన కూర్చోబోయి, సగం వంగి, "క్షమించండి" అని లేచాడు. ఎవరితో అన్నాడో ఎవరూ అడగలేదు. రెండో ఆయన ముందు చేత్తో తడిమి చూసి, ఎవరి మోకాలో తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. మిగతా ముగ్గురూ ఆ ప్రయత్నం చేయలేదు. అధికారి అనేవాడు దయ్యాన్ని కళ్లారా చూసినా ఫైల్లో రాయడు.

"కూర్చోండి సార్" అని ఈలక్క మూడుసార్లు మర్యాదగా అంది. "పర్వాలేదమ్మా, ఇలా బాగుంది" అన్నారు. రెండు గంటలు బాగున్నారు. మొదటి గంట నీతులు చెప్పారు. రెండో గంటలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారడం మొదలెట్టారు, గొంతులు సవరించుకున్నారు, కాగితాలు మడిచి విప్పారు. చివరికి ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లందరి పేర్లూ పుస్తకంలో ఎక్కించడానికి ఒప్పుకుని, గోడకు ఆనించి సంతకాలు పెట్టారు. పాతవాళ్ల సంగతి 'పరిశీలిస్తాం' అన్నారు.

వాళ్లు వెళ్లాక ఈలక్క లేవలేదు. బెంచీల వైపు చూసి, "ఇక మీరు చెప్పండి, ఒక్కొక్కరు" అంది. నాకేమీ వినబడలేదు. ఆమె తలూపుతూ, మధ్యలో అడుగుతూ, పేర్లు రాసుకుంటూ కూర్చుంది. ఒక్కో పేరుకూ బెంచీ చెక్క కిర్రుమని కాస్త పైకి లేచింది. రెండూ తిన్నగా అయ్యాక, "ఇంకొకతి ఉంది, కూర్చోనంటోంది" అని నా వైపు చూసింది. "నీ పిల్లలా ఉందే."

మేస్త్రి గారూ, మీరు రాసి పంపిన ఆ మాట నాది. ఇరవై ఏళ్ల వయసులో తయారు చేసుకున్నాను. దాన్ని పట్టుకుని పెద్దాఫీసు వరండాలో తొమ్మిది రోజులు నిలబడ్డాను. పదోరోజు లోపలికి పిలిచారు. ఆయన తలెత్తకుండా "ఏమిటి?" అన్నాడు. "ఏం లేదండి" అని వచ్చేశాను. మా అమ్మకు కూడా చెప్పలేదు, ఆఫీసు మూసి ఉందన్నాను. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రతి ఆఫీసుకూ ఉత్తరాలు రాస్తున్నాను. చదివినవాళ్లు ఈమెకు ధైర్యమెక్కువ అంటారు. ధైర్యమున్న పిల్ల అక్కడే ఉండిపోయింది. కదలనంది, కదలలేదు. కదిలింది నేను.

నిన్న ఆ పిల్ల పక్కన నిలబడి ఆ మాట చెప్పాను. 'కదలను' దగ్గర రెండు గొంతులూ వణికాయి. ఈలక్క మా అమ్మ పేరు సంఘం పుస్తకంలో రాసింది. కొంచెం టీ పెట్టుకుని వచ్చి మిగతాది రా

ఇక్కడి నుంచి నేను రాస్తాను, వరస చివర నిలబడ్డదాన్ని. ఆమె టీ పెట్టుకుంటోంది. ఒక్కతే ఉన్నట్టు ఒక్క గ్లాసే తీసింది.

సంఘం పుస్తకంలో మా అమ్మ పేరు రాస్తే సరిపోతుందని ఆమె కళ్లు తుడుచుకుంది. నేనడిగింది ఆ పుస్తకం కాదు. రేపు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని పెద్దాఫీసుకు వెళుతున్నాను. ముందొక ఉత్తరం రాద్దామంటుంది, నాకు తెలుసు. కలం దాచేస్తాను.

మీ బెంచీలు బాగున్నాయి. మీ ఆవిడ ఇచ్చిన నీళ్లు చల్లగా ఉన్నాయి. మొదటి చీటీ మాత్రం మర్చిపోను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: చిన్న పీట ఒకటి, చేత్తో మోసుకెళ్లేది, మెత్తగా కుట్టి పంపండి. ఆమెకు మోకాళ్లు బాగాలేవు, ఎక్కువసేపు నిలబడలేదు. నాకు అక్కర్లేదు.