అక్క కొట్టించిన సున్నం

గిద్దలూరు, మంగళవారం రాత్రి

కొత్త రాష్ట్రంలో గతిలేని ముసలివాళ్లకు ఇంటిపన్ను మాఫీ చేస్తారంటే, బావ పోయాక ఒంటరిగా ఉంటున్న అక్క కోసం అర్జీ రాశాను. ఇవాళ ఆఫీసరు ఇల్లు చూడటానికి వచ్చాడు. పెద్దమనిషి ఇంటికొస్తున్నాడని అక్క ఉన్న రెండు మేకల్లో ఒకదాన్ని అమ్మి ముందుగోడకు సున్నం కొట్టించింది.

ఆయన వాకిట్లోనే నిలబడి, "ఇంత బాగుండే ఇంటికి మాఫీ ఏందమ్మా?" అని పన్ను పెంచి రాసుకున్నాడు. లోపల కూలిన మిద్దెను చూడనే లేదు.

"సున్నం ఎందుకు కొట్టించినావక్కా?" అని అరిచాను.

"ఇంటికొచ్చినాయనకు పెచ్చులూడిన గోడ ఎట్ల చూపిస్తాం తమ్ముడా?"

అప్పీలు చేస్తే ఇల్లు మళ్లీ చూడటానికి వస్తారట. ఆ మాటే చెప్పాను.

"అప్పటికి ఈ సున్నం మాసిపోతాది. ఇంగొక మేక ఉండాది గదా" అంది.