గుండ్లవాగు ఊరి రేడియో

అల్ దోహా అల్ జదీదా, దోహా
3 మార్చి 2024

ప్రియమైన సురేందర్‌కు,

ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మూడో తరగతిలో మనిద్దరికీ ఒకే పంతులు నేర్పాడు కాబట్టి ‘ప్రియమైన’ అని రాశాను. అంతకు మించి ఆ మాటలో ఏమీ వెతుక్కోకు. ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేశావు, వాట్సాప్‌లోనూ చేశావు. మన ఊరి చిరంజీవి సెలవు మీద ఇంటికి వస్తున్నాడు. ఈ కవరు అతని చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు రాస్తున్న ‘గుండ్లవాగు చరిత్ర’లో ఏడో అధ్యాయం ఊరి గ్రూపులో పెట్టావట. మా మేనత్త జహనారా మనవరాలు మరీహా దాన్ని నాకు పంపింది. హెడ్మాస్టరుగా రిటైరై ఊరి చరిత్ర రాస్తున్నావంటే మెచ్చుకోవాల్సిందే. కానీ ఏం రాశావు? “నిజాం ప్రభుత్వం ఊరికిచ్చిన రేడియో సెట్టును, దాని తాళంచెవి దగ్గరున్న లతీఫ్ అనే నౌకరు 1948లో దొంగిలించి అమ్ముకున్నాడు.”

లతీఫ్ మా తాత. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మీరంతా నన్ను రేడియో దొంగ మనవడనే పిలిచారు. ఆటలో ఓడినా అదే మాట, గెలిచినా అదే మాట. అసలు మా తాత ఎత్తుకుపోయాడంటున్న ఆ వస్తువు ఎలా ఉంటుందో చూద్దామనే నేను రేడియో మెకానిక్కునయ్యాను. నోటితో అన్నవి భరించాను. ఇప్పుడు అచ్చులో అంటున్నావు.

ఆయన ఏం పని చేసేవాడో నీ అధ్యాయంలో ఒక్క ముక్క లేదు. మా తాత రోజూ సాయంత్రం, మీ తాత హనుమప్ప పటేలు చావడిలో ఆ పెట్టె తాళం తీసి, గంటసేపు తెలుగు కార్యక్రమం వినిపించి, మళ్లీ తాళం వేసేవాడు. బ్యాటరీ దిగిపోతే సైకిలు వెనక కట్టుకొని బోధన్ తీసుకెళ్లి ఛార్జి చేయించి తెచ్చేవాడు. ఒక్క వైపే ఇరవై కిలోమీటర్లు.

జహనారా ఆయన కూతురు. ఎనభై రెండేళ్లొచ్చాయి. “పుస్తకంల ఎక్కితే ఇగ పోదు కద బేటా, నేను సచ్చేలోపల తీసేపియ్యి” అని ఫోన్‌లో ఏడ్చింది. జూన్‌లో అచ్చుకు పంపేలోగా ఆ వాక్యం తీసెయ్.

ఇట్లు,
లతీఫ్ మనవడు
జహాంగీర్

*

గుండ్లవాగు
19 మార్చి 2024

జహాంగీర్‌కు,

నీలాగా ‘ప్రియమైన’ అని రాసి వెంటనే వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఉన్నదే రాస్తాను, లేనిది రాయను. ముప్పై ఐదేళ్లు పిల్లలకు అదే చెప్పాను.

చరిత్రకు కాగితం కావాలి. మీ మేనత్త ఏడుపు కాగితం కాదు. మా తాత 1948 డిసెంబరులో ఇచ్చిన ఫిర్యాదు నకలు నా దగ్గరుంది. సెట్టు కనపడటం లేదనీ, లతీఫూ కనపడటం లేదనీ అందులో ఉంది. దొంగతనం చేయనివాడు పెళ్లాం పిల్లలతో రాత్రికి రాత్రి బోధన్ ఎందుకు పోతాడు? మీ నాన్న మళ్లీ ఊళ్లోకొచ్చి ఇల్లు కట్టుకుంటే మేమెవరం అడ్డం రాలేదు. అది మా మంచితనం.

దుబాయ్‌లో కూర్చొని నాకు చరిత్ర పాఠం చెప్పకు. వాక్యం తీయను. నీ దగ్గర కాగితం ఉంటే పంపు, లేదంటే ఊరుకో.

ఇట్లు,
సురేందర్

*

దోహా
2 ఏప్రిల్ 2024

ప్రియమైన సురేందర్‌కు,

ముందుగా, నేనుండేది ఖతర్. దుబాయ్ వేరే దేశంలో ఉంది. పదో తరగతికి భూగోళం చెప్పినవాడివి, ఈ ముక్క తెలుసుకో.

నువ్వడిగిన కాగితం కంటే పెద్ద సాక్ష్యమే దొరికింది. కూర్చొని చదువు. అల్ షహానియాలో ఒంటెల షెడ్ల వెనక ఒక ఖతరీ ముసలాయన పాత రేడియోలన్నీ పోగేసి పెట్టుకున్నాడు. వాటిని బాగు చేయడానికి నెలకోసారి వెళ్తుంటాను. ముంబై వ్యాపారి నుంచి కొత్త సరుకు వచ్చిందంటే మొన్న వెళ్లాను. ఒంటెల దగ్గర పనిచేసే ఆంజి ఒక పెట్టె ఎత్తి బల్ల మీద పెట్టాడు. టేకు చెక్క పెట్టె, ముందు ఇనుప తలుపు, దానికి తాళం పెట్టే కొక్కెం. వెనక ఇత్తడి రేకు మీద ఉర్దూలో చెక్కి ఉంది: గుండ్లవాగు, తాలూకా బోధన్.

బల్ల పట్టుకొని కింద కూర్చుండిపోయాను. ఆంజి చూసి “ఏమైందే భాయ్, షుగర్ పడిపోయిందా?” అని నీళ్లిచ్చాడు. అరవై ఏళ్ల మనిషిని, ఆ పెట్టె మీద చెయ్యేసి ఏడ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. మా మెకానిక్కులకు ఒక అలవాటుంది. సెట్టు బాగు చేసినప్పుడల్లా దాని వెనక చెక్క లోపలి వైపు పెన్సిలుతో తేదీ, తెచ్చినవాడి పేరు, ఊరు రాసి మూసేస్తాం. ఇంకోసారి ఎవడు విప్పినా తెలియడానికి. 1948 తర్వాత ఈ సెట్టును ఎవరు దగ్గర పెట్టుకున్నారో ఆ చెక్క మీద ఉండి తీరుతుంది. ఇప్పుడే విప్పుతానంటే ముసలాయన “బాద్ ఈద్, జహాంగీర్. అల్హీన్ మాఫీ” అన్నాడు. ఉపవాసాల నెల కదా, ఇప్పుడు కుదరదట, పండగ అయ్యాకే.

ఆ చెక్క మీద హనుమప్ప పేరే ఉంటుంది. ఊళ్లో పటేలును కాదని ఆ పెట్టెను కదిలించే మొగాడెవడున్నాడు అప్పట్లో? మీ తాతే అమ్ముకొని మా తాత మీదికి నెట్టాడు. ఆ పేరు చూపిస్తే అంతే పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తావా? ధైర్యముంటే రాసి పంపు.

ఇట్లు,
జహాంగీర్

*

గుండ్లవాగు
16 ఏప్రిల్ 2024

జహాంగీర్‌కు,

ధైర్యం సంగతి నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. రాసిస్తున్నాను. ఆ చెక్క మీద హనుమప్ప పేరుంటే అచ్చు వేస్తాను, ఆవిష్కరణ సభలో నా నోటితో చదువుతాను. లతీఫ్ పేరుంటే నువ్వు విమానమెక్కి వచ్చి అదే సభలో, మీ మేనత్త ఎదురుగా, “మా తాతే తీసుకున్నాడు” అని చదవాలి. ఒప్పుకుంటావా?

చెక్కకు ఫోటో తీసి పంపు. ఉర్దూ నాకు రాదు, నువ్వే తెలుగు చేసి పంపు. అబద్ధం చెబితే నాకు తెలిసిపోతుంది. చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి, ఉత్తరంలోనైనా కనబడతాయిలే.

ఇట్లు,
సురేందర్

*

గుండ్లవాగు
5 జూన్ 2024

జహాంగీర్‌కు,

పండగ అయిపోయి ఎనిమిది వారాలైంది. నోరు పడిపోయిందా? లేక పెన్సిలు రాత నీకూ చదవరాలేదా? చిరంజీవి దోహాకు తిరిగి వెళ్తూ నా దగ్గరికి వచ్చాడు. “జహాంగీర్ అన్న మనిషి మంచిగ లేడు సారూ, ఫోన్ జేస్తే ఎత్తుతలేడు” అన్నాడు. ఎందుకెత్తుతాడు?

ఈ ఉత్తరం అతనితోనే పంపుతున్నాను. జూన్ ఇరవై ఐదున పుస్తకం అచ్చుకు పోతుంది. అప్పటికి ఏమీ రాకపోతే, వచ్చిన జవాబు అదేననుకుంటాను. సభ జూలై ఇరవై ఒకటిన.

ఇట్లు,
సురేందర్

*

దోహా
14 జూన్ 2024

సురేందర్‌కు,

చెక్క ఏప్రిల్ ఇరవై రెండునే విప్పాను. మూడు రాతలున్నాయి. మూడూ బోధన్‌లో ఒకే మెకానిక్కు చేతివి. 1949 మే, 1951 జనవరి, 1953 ఆగస్టు. మూడు చోట్లా తెచ్చినవాడి పేరు ఒకటే. లతీఫ్, గుండ్లవాగు.

నువ్వు గెలిచావు.

నిన్ను తిట్టిన నోటితోనే ఇది ఒప్పుకోవాల్సి వచ్చినందుకు నాకు ఒళ్లు మండిపోతోంది. ఈ ఎనిమిది వారాలు ఏం చేశానో కూడా చెప్తాను, విని సంతోషించు. మొదటి రోజు చెక్కను నా రూముకు తెచ్చుకున్నాను. పెన్సిలు రాతే కదా, రబ్బరు పెట్టి నాలుగుసార్లు రుద్దితే పోతుంది. రబ్బరు కొన్నాను కూడా. రెండోసారి ఇంకో ఆలోచన వచ్చింది. నీకు ఉర్దూ రాదు. లతీఫ్ అన్నచోట హనుమప్ప అని తెలుగు చేసి పంపితే నువ్వెవరినడుగుతావు? అడిగేలోపు మా ఫుప్పు జహనారా కళ్లు చల్లబడతాయి కదా అనుకున్నాను.

చేయలేకపోయాను. ఆ మెకానిక్కు ఎవరో నాకు తెలియదు. కానీ నా పని చేసినవాడు, చూసింది చూసినట్టు రాసి మూసేశాడు. ఆ రాతను చెరిపితే నేనెన్ని సెట్లలో ఎన్ని పేర్లు రాశానో అవన్నీ అబద్ధమైనట్టే అనిపించింది.

కంపెనీ సెలవివ్వలేదు. అడగ్గా అడగ్గా జూలై పదిహేను తర్వాత అంటున్నారు. సభకు వస్తాను. నువ్వు చెప్పినట్టే చదువుతాను. ఒక్కటే అడుగుతున్నాను, పగవాడినే అడుగుతున్నాను. ఫుప్పును సభకు పిలవకు. ఆమెకు నేనే ఇంట్లో చెప్పుకుంటాను. నీ వాక్యం అలాగే ఉంచు.

ఫోటోలు మూడు జతచేశాను.

ఇట్లు,
జహాంగీర్

*

గుండ్లవాగు
1 జూలై 2024

జహాంగీర్,

సెలవు రద్దు చేసుకో. సభ ఇరవై ఒకటిన జరగదు. నిన్న ఆదివారమే, ఉన్నవాళ్లతోనే, చావడి ముందు జరిపేశాను. పుస్తకం అచ్చుకు పోలేదు.

పందెం కాసేటప్పుడే ఆ చెక్క మీద ఏ పేరుంటుందో నాకు తెలుసు. మా నాన్న పోయాక, పదకొండేళ్ల క్రితం, తాత కాగితాల్లో ఒక చిట్టీ దొరికింది. ఒకవైపు మా తాత చేతిరాత, 1948 నవంబరుది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: “లతీఫ్, సెట్టు నీ తాననే ఉండనియ్యి. నేను కబురు పెట్టేదాంక ఊర్లెకు తేకు. ఖరాబు కానియ్యకు.”

పోలీసు చర్య అప్పుడే అయిపోయింది. నిజాం మనుషులెవరని ఊరూరా అడుగుతున్నారు. నిజాం ఇచ్చిన రేడియో తన చావడిలో కనపడితే ఎక్కడ ముప్పు వస్తుందోనని మా తాత భయపడ్డాడు. మీ తాతకిచ్చి, కుటుంబంతో సహా బోధన్ పంపింది ఆయనే. నెల తర్వాత కొత్త అధికారులు వచ్చి సెట్టేదని అడిగితే, లతీఫ్ ఎత్తుకుపోయాడని ఫిర్యాదు రాసిచ్చాడు. మళ్లీ కబురు పెట్టలేదు.

చిట్టీ వెనకవైపు మీ తాత చేతిరాత. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో వైపు పోయాయి, మా తాతకు ఉర్దూ రాదని కష్టపడి తెలుగులో రాశాడు. తేదీ 1953 సెప్టెంబరు. “పటేలా, సెట్టు మంచిగ నడుస్తుంది. మొన్ననే చూపించిన. ఎప్పుడు తెమ్మంటరు?”

నువ్వు పంపిన మూడు తేదీలు చూశాక నాకు అర్థమైంది. అమ్ముకునేవాడు మూడుసార్లు బాగు చేయించడు. ఖరాబు కానివ్వొద్దన్న మాట ఆయన ఐదేళ్లు నిలబెట్టాడు; ఆ తర్వాత అది ముంబై దాకా ఎలా పోయిందో నాకు తెలియదు. పైగా చిట్టీ వచ్చిన కాగితం వెనకే జవాబు రాసి పంపడం అప్పటివాళ్ల మర్యాద. తాను దొంగ కాదని చెప్పే ఒకే ఒక్క కాగితాన్ని ఆ మర్యాద కోసం తిరిగి మా ఇంటికే పంపేశాడు మీ తాత. మా తాత దాన్ని పెట్టెలో వేసుకున్నాడు. నాకు దొరికాక నేనూ వేసుకున్నాను. నీకు రబ్బరు కొనాల్సి వచ్చింది, నాకు అదీ అక్కర్లేకపోయింది.

నువ్వు అబద్ధం రాస్తావనే ధీమాతో ఉన్నాను. రాసి ఉంటే పట్టుకొని, ఇంకా హాయిగా నిన్ను తిట్టుకుంటూ బతికేవాణ్ని. నువ్వంటే నాకిప్పటికీ పడదు. రేపు నువ్వు ఎదురుపడ్డా నీ మొహం చూడలేను. క్షమించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నిన్న చిట్టీ రెండు వైపులా చదివి వినిపించాను. మా తమ్ముడు అమర్నాథ్ మధ్యలో లేచి, “తాత పేరు నడిబజార్ల తీసినవు, ఇగ నా గడప తొక్కకు” అని వెళ్లిపోయాడు. నువ్వు పిలవొద్దన్నావు కాబట్టి మీ మేనత్తను సభకు పిలవలేదు. సభ అయ్యాక చిట్టీ తీసుకొని నేనే వాళ్లింటికి వెళ్లాను.

జహనారమ్మ గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. చేతిలో చేట కింద పెట్టి, కాగితం తీసుకుంది. ఆమెకు చదువు రాదు. వెనకవైపు రాత మీద వేలు పెట్టి చివరిదాకా జరుపుకుంటూ పోయింది.

“ఇది మా అబ్బా రాసిందేనా?”

“అవునమ్మా.”

“బోధన్ల జవాబు కోసం దినాం గడప మీద కూసునేటోడు, ఏం జవాబో మాకు చెప్పకపాయె. మేము అన్నానికి పిలిస్తె గుడ లేవకపోతుండె. పటేల్ మనిషి వస్తడు, నేను లోపలుంటె మర్లిపోతడు అనేటోడు. గట్లనే నాలుగేండ్లు కూసొని, గడప మీదనే పానం ఇడిసిండు.”

ఆమె కాగితం మీంచి తలెత్తింది.

“నీకెన్నడు దొరికింది సారూ?”

“పదకొండేళ్లైంది.”

ఆమె కాగితం నాకు తిరిగివ్వలేదు. మడిచి కొంగులో ముడేసుకొని లేచింది. “నడువు ఇగ. మా ఇంట్ల నీకు కూసుండ జాగ లేదు” అని తలుపేసుకుంది.

ఇట్లు,
హనుమప్ప మనవడు
సురేందర్