ఖిల్లాపేట ఆడపిల్లల బడి తాళం

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
ఖమర్ సుల్తానా, వంటమనిషి, అల్ అజీజియా, దోహా, ఖతర్ నుండి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విలీనం పేరిట మూసివేసిన ఖిల్లాపేట ఉర్దూ బాలికల పాఠశాలను తిరిగి తెరిపించుట గురించి.

1. సదరు పాఠశాలను తెల్లదొరల కాలంలో మా ముత్తాత అబ్దుల్ వాజిద్ సాహెబ్ స్థాపించియున్నారు. ఆడపిల్లకు చదువు వస్తే మతం చెడుతుందని మావాళ్ళే ఆయన మీద రాళ్ళు వేసియున్నారు. ఆయన ఎద్దులబండికి పరదా కట్టి, ముందు తాను నడిచి, పిల్లలను బడికి చేర్చేవారు. పేటలో ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం బడి కుండలో వేసేది. పంతులమ్మ ఆ బియ్యంతోనే బతికింది.

2. ఆ అలవాటు మా అమ్మ ద్వారా నాకు సంక్రమించినది. ఇక్కడ కూడా తెలియకుండానే గుప్పెడు బియ్యం తీసి ఒక డబ్బాలో వేయుచున్నాను. మొన్న మేడమ్ ఆ డబ్బా చూసి దొంగతనమనుకున్నారు. "బడికి" అన్నాను. "ఏ బడి? మద్రసా మాఫీ!" అని, బడే లేదని వారి అరబ్బీలో అరిచారు. నిజమే కదా సార్, బడి ఎక్కడుంది? నాకు ఏడుపొచ్చింది.

3. ఆనాటి నుండి నేను బియ్యం కడుగునప్పుడు వెనక ఎవరో నిలబడుచున్నారు. తిరిగి చూస్తే ఉండరు. సుద్దముక్క వాసన వస్తుంది. ఏసీ వంటగదిలో ఎద్దుల మువ్వలు వినబడుచున్నవి. ఈ ఇంటి డ్రైవర్ నారాయణప్పకు చెబితే, "నీకి నిద్ర సాల్లేదక్కా, డ్యూటీ ఎక్కువైంది" అన్నాడు. సదరు ముత్తాత గారికి నేనేం జవాబు చెప్పవలెనో తమరే సెలవివ్వాలి.

4. మా బడిని విలీనం చేసిన బడి హైవేకు అవతల ఉన్నది. లారీలకు జడిసి ఎవరూ ఆడపిల్లలను పంపుట లేదు. నా కూతురు మరీహా ఇంట్లోనే కూర్చున్నది. దాని చదువు కోసమే నేను ఈ దేశం వచ్చాను.

కావున తమరు దయయుంచి ఆ తాళం తీయించవలెనని వేడుకొనుచున్నాను. ఈ పేద తల్లి మొరను చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఖమర్ సుల్తానా

మరొక మాట: ఇంతవరకు రాశాక మరీహా ఫోన్ చేసింది. "అమ్మీ, తెల్లగడ్డం తాత ఒకాయన దినామూ వాకిట్లో నిలబడతాండాడు. పేరడిగితే వాజిద్ సాహెబ్ అన్నాడు. బడికి పోదాం రా బేటీ అంటాండాడు. రేపు పోతా" అంది. ఆయన పేరు నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది సార్. ఆయన తీసుకెళ్ళే బడి ఎక్కడుందో నాకు తెలియదు. నా బిడ్డ గడప దాటకముందే మీ బడి తలుపు తీయండి.