ఒడ్డున కాపలా

మే 4, ఆదివారం

బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. లేచి మార్చుకునే ఓపిక కూడా లేదు. రేపు చీకటితోనే బేకరీలో ఉండాలి, కలిపిన పిండి నా కోసం ఆగదు. తిన్న కంచాలు అలాగే వదిలేసి ఆయనా పిల్లలూ ముగ్గురూ పడి నిద్రపోయారు. వాళ్ళది హాయిగా అలిసిపోవడం.

ఈ రోజు రిజర్వాయర్‌కి వెళ్ళాం, రెండు బస్సులు మారి. మోకాళ్ళ లోతు దాటనని ఆయన మాటిచ్చారు. మా చిన్నవాణ్ణి, బుడంకాయని, భుజాల మీదికి ఎక్కించుకోగానే మాట సంగతి మరిచిపోయారు. నడుం దాకా వెళ్ళిపోయారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను, ఆయన తల మీంచి చూపు తిప్పితే ఒట్టు. చివరికి కట్టుబట్టలతోనే దిగిపోయాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. మీ అమ్మకి కూడా సరదా పుట్టిందిరోయ్ అన్నారు ఆయన.

సరదా!

ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాసుకోవాలి. పోయిన నెల గోడౌన్ దగ్గర సరుకు దింపిస్తుండగా ఆయనకి ఫిట్స్ వచ్చింది. ఆయన నడిపే లారీ ఆగి ఉంది కాబట్టి బతికిపోయాం. కదులుతూ ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక గిన్నె తోముతాను. ఆరు నెలలు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టర్. ఎత్తులు ఎక్కొద్దు, ఒంటరిగా నీళ్ళలో దిగొద్దు, నిద్ర చెడగొట్టుకోవద్దు. ఆయన అన్నిటికీ బుద్ధిగా తలూపారు. బయటికి రాగానే ఒకటే మాట, పిల్లలకి చెప్పకు అని. ఇంటికొచ్చి వాళ్ళతో, కంపెనీ వాళ్ళు లీవ్ ఇచ్చారర్రా, ఈ సెలవులంతా నేను మీతోనే, ప్రతి ఆదివారం ఒక కొత్త చోటు అన్నారు. బుడంకాయ మంచం మీద ఒకటే గంతులు. పెద్దది ఫోన్‌లోంచి తలెత్తి, నిజంగానా నాన్నా అంది. వారానికో పది రోజులకో ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని మళ్ళీ పోయే మనిషి. వాళ్ళ మొహాలు చూశాక నేనూ ఆ అబద్ధంలో కలిసిపోయాను.

మే 7

మాత్రలు బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఇదివరకు అక్కడ చాక్లెట్లు దాచేదాన్ని.

మే 11, ఆదివారం

కొండ. పేరుకి కొండే గానీ పెద్ద గుట్ట. ఎత్తులు వద్దన్నారు కదా అని బస్సులో గుసగుసగా అంటే, ఇది ఎత్తేంటి, నా లారీ క్యాబిన్ ఇంతకన్నా ఎత్తు అన్నారు. నీళ్ళ సీసాలు, బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, బుడంకాయ స్వెట్టరు (ఎండలో స్వెట్టరేమిటో, వాడికి అది ఉండాలి) అన్నీ నా భుజానే.

పైన ఒక బండ ఉంది, అంచున నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. ఆయన సరిగ్గా అక్కడికే వెళ్ళి, ఫోటో తీయ్ అన్నారు.  కడుపులో నొప్పి అని కూర్చుండిపోయాను. అబద్ధం. దిగిపోదాం పదండి అని గోల చేస్తే దిగారు. అందరి ఆటా పాడు చేసిన మనిషిని నేనే అయ్యాను.

పెద్దది ఒక్క సంచీ కూడా అందుకోలేదు. పధ్నాలుగేళ్ళొచ్చాయి. రోజంతా వాళ్ళ నాన్నకి జిగురులా అంటుకుని తిరిగింది. బండ మీద కూడా ఆయనకీ అంచుకీ మధ్యలో దూరి కూర్చుంది. ఇన్నాళ్ళూ వంట చేసి జడ వేసిన దాన్ని నేను. నాలుగు వారాలు ఇంట్లో ఉండేసరికి ఆయన గొప్ప. రాయకూడదు గానీ కడుపు మండింది.

ఇంటికొచ్చాక వంటింట్లో తగువు. పిల్లలు వినకుండా గొంతు తగ్గించి తిట్టుకోవడం మరీ కష్టం. నన్ను పసివాణ్ణి చూసినట్టు చూడకు అన్నారు ఆయన. పసివాడైతే చెప్పినమాట వినేవాడు అన్నాను.

మే 14

మిక్సర్ పక్కన పిండి బస్తా మీద కూర్చుని, కూర్చున్నచోటే నిద్రపోయాను. మొదటి వాయి బన్నులు మాడాయి. ఓనరమ్మ మాడినవి తీసి పక్కన పడేసింది. ఇంట్లో అంతా బాగేనా అని అడిగింది. బాగేనండీ, ఆయన లీవ్‌లో ఉన్నారు, తెగ తిరుగుతున్నాం అన్నాను.

మే 18, ఆదివారం

బుడంకాయకి ఏడు నిండాయి. పార్కులో చేశాం. కేకు నేనే చేశాను, నడిమధ్యన పగిలింది, పగులులో క్రీమ్ కూరి నది అని చెప్పాను. వాడు నమ్మి, నదిలో పడవ కావాలన్నాడు. బిస్కెట్ పెట్టాను. గాలికి కొవ్వొత్తులు నిలవలేదు. వెలిగించడం, ఆరిపోవడం, వెలిగించడం. చివరికి ఆయన, సరే, ఈ ఏడు గాలి పుట్టినరోజు కూడా ఇవాళే, చప్పట్లు కొట్టండి అన్నారు. అందరం గాలికి చప్పట్లు కొట్టాం. పక్క బెంచీ వాళ్ళు కూడా కొట్టారు.

అప్పుడు నేను కూడా నవ్వాను. కాసేపు ఏదీ గుర్తు లేదు. తర్వాత ఆయన చెట్టెక్కబోయారు.

వదిన వచ్చింది, ఆయన అక్క. ఆమెకీ తెలియదు. నీకేమమ్మా, మొగుడు కళ్ళెదుటే ఉన్నాడు, ప్రతి ఆదివారం పండగే, అయినా మొహం అలా వేలాడేసుకుంటావేంటి అంది. బేకరీలో వేడి వదినా అన్నాను. ఏ మాట అడిగినా అదే జవాబు అయిపోయింది నాకు.

మే 22

ఆయన స్నేహితుడెవరో రెండు పాత లారీ ట్యూబులు ఇచ్చాడట. పంక్చర్లు వేయించి, గాలి నింపి హాల్లో పెట్టారు. నడవడానికి చోటు లేదు. ఆదివారం మళ్ళీ రిజర్వాయర్. వద్దని చెప్పే ఓపిక అయిపోయింది. పెద్దది కూడా, ఎండగా ఉంది నాన్నా, సినిమాకి పోదాం అంది. ఆయన వినలేదు.

మే 26, ఉదయం, ఆసుపత్రి వరండా

ఓనరమ్మకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఆయన లోపల నిద్రపోతున్నారు. ప్రమాదం లేదన్నారు. జరిగింది రాస్తాను.

నిన్న బుడంకాయకి గుడ్డు ఒలిచి పెడుతున్నాను. గుడ్డు వైపు చూశాను, అంతే. ఆయన ట్యూబులో కూర్చుని ఉన్నారు, మోకాళ్ళ లోతులో. ట్యూబుకి కట్టిన తాడు పెద్దదాని చేతికి చుట్టుకుని ఉంది. ఆడుకోవడానికి కట్టుకుందనుకున్నాను.

కేక వినబడలేదు. అమ్మా, నాన్న తల పట్టుకో, అని మామూలు గొంతుతో అంది. తలెత్తేసరికి ఆయన చెయ్యి కర్రలా బిగుసుకుపోయి ఉంది, మొహం నీళ్ళ వైపు వాలిపోతోంది. అది అప్పటికే తాడు లాగేస్తోంది. నేను పరిగెత్తి తల ఎత్తాను. ఇద్దరం ఒడ్డుకి ఈడ్చాం. పక్కకి తిప్పమంది, తిప్పాను. చున్నీ మడిచి తల కింద పెట్టింది. ఎవరో చెంచా తెచ్చి పళ్ళ మధ్య పెట్టబోయాడు, ఇంకెవరో నోట్లో నీళ్ళు పోయబోయాడు. ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి, కాస్త జరగండి అంకుల్ అంది. పెద్దవాళ్ళు జరిగారు. అది వాచీ చూస్తూ, ఆయన భుజం మీద చెయ్యి వేసి, అయిపోతుంది నాన్నా, అయిపోతుంది అంటూ కూర్చుంది. బుడంకాయ గుడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అయిపోయింది. అంబులెన్స్ వచ్చింది.

రాత్రి ఇక్కడే అడిగాను, నీకెలా తెలుసే అని. మొదటి వారమే తెలుసు అంది. పక్కింటాయన కారు అడ్డంగా ఉంది, కాస్త తీసి పెట్టమని తాళాలు ఇస్తే నాన్న చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. నాన్న తాళాలు వద్దనడమేంటమ్మా. ఆ తర్వాత మాత్రలు కనిపించాయి. మాత్రల అట్ట మీద పేరు చూసి మా గేమ్స్ టీచర్‌కి ఫోన్ చేసి అడిగాను, ఏం చెయ్యాలో ఆవిడ అన్నీ చెప్పింది అంది.

నాకెందుకు చెప్పలేదే అన్నాను.

నువ్వు చెప్తావేమో అని చూశాను అంది.

దానికి చేప పిల్లలా ఈత వచ్చు. ఈ సెలవుల్లో ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు. కాళ్ళు తడుపుకుంటూ ఆయన పక్కనే తిరిగింది. వయసొచ్చింది, సిగ్గనుకున్నాను. సంచీలు ఎందుకు మొయ్యలేదో ఇప్పుడు అర్థమైంది. చేతులు ఖాళీగా ఉంచుకుంది.

బెంచీ మీద నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. ఈ మధ్య ముట్టుకోనిచ్చేది కాదు.

మే 27

ఇంకో సంగతి బయటపడింది. ఆదివారాలు ఆయన మాత్రలు మానేసేవారట. వేసుకుంటే మత్తుగా ఉంటుంది, పిల్లలతో పరిగెత్తలేను, ఉన్న నాలుగు రోజులూ మంచం మీద కనిపించమంటావా అన్నారు. తిట్టాలని ఎన్ని మాటలో నోటిదాకా వచ్చాయి. డాక్టర్ ముందే తిట్టేశాడు. నాకు మిగల్లేదు.

మే 30

లారీ ఇక లేదు. ఆరు నెలలు కాదు, ఏడాది కాదు, ఇక లేదు. డాక్టర్ చాలా మర్యాదగా చెప్పాడు. ఆయన లేచి, థాంక్యూ సర్ అని, కుర్చీ సరిగ్గా వెనక్కి జరిపి వచ్చారు.

ఇంటికొచ్చి పిల్లల్ని కూర్చోబెట్టి ఆయనే చెప్పారు. లీవ్ అన్నది అబద్ధమని కూడా చెప్పారు. పెద్దది తలూపింది. బుడంకాయ, హారన్ కూడా కొట్టకూడదా నాన్నా అన్నాడు. కొట్టొచ్చురా, అది కొట్టొచ్చు అని ఆయన నవ్వారు. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేశారు. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. నేను తలుపు తట్టలేదు. ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి.

జూన్ 3

కంపెనీ వాళ్ళు యార్డ్‌లో గేటు దగ్గర పని ఇస్తామన్నారు. వచ్చే లారీలు, పోయే లారీలు చూసుకోవడం. వెళ్తానన్నారు. పోయే వాటిని చూడటం కష్టమేమో అన్నాను. ముందు అలవాటు పడనీ అన్నారు.

జూన్ 8, ఆదివారం

ఎవరికీ రిజర్వాయర్ పేరెత్తడం ఇష్టం లేదు. ఆయనే పట్టుబట్టారు. నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని బస్సెక్కారు, ఇంటి దగ్గర్నుంచే. బస్సంతా ఆయన్నే చూసింది. మాత్ర నా ఎదురుగా వేసుకుని నాలుక చాపి చూపించారు.

ఒడ్డుకి వెళ్ళాక నీళ్ళలో దిగలేదు. నా పక్కన కూర్చుని పెద్దదాన్ని పిలిచారు. నీ డ్యూటీ అయిపోయిందమ్మా, ఇక మీ అమ్మా నేనూ చూసుకుంటాం, పో, ఈదుకో అన్నారు. అది కదల్లేదు. నా వైపు చూసింది. పో అన్నాను. చూస్తూనే ఉంది. పోవే అని కసిరాను.

అప్పుడు వెళ్ళింది. తల ఒక్కసారి ముంచి, వెనక్కి తిరగకుండా, నడి నీళ్ళ దాకా. నేను లేచి నిలబడిపోయాను, ఇప్పుడు దాని కోసం. ఆయన నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మన పిల్లేగా, వస్తుంది అన్నారు. ఆయన తలుచుకుంటే మాత్ర మత్తులో కూడా మంచి మాటలు చెప్పగలరు. చాలాసేపు ఈదింది. వచ్చాక ఆకలేస్తోందని నాలుగు గుడ్లు తినేసింది.

జూన్ 15, ఆదివారం

నది. ఎండిపోయి ఇసుకే ఎక్కువ. పట్టపగలు, అందరి ముందూ, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ముగ్గురూ కలిసి నన్ను మెడ దాకా ఇసుకలో పూడ్చేశారు. చల్లగా, బరువుగా ఉంది. చెయ్యి కదలదు, కాలు కదలదు. ఏ పనీ చెయ్యడానికి లేదు.

కాసేపు ఎవరూ నన్ను తవ్వకండి అన్నాను.