చాంద్ పొట్టలో ముక్కుపుడక

పులివెందుల

జేజికి,

నమస్కారాలు. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. ఈ రెండూ నువ్వు నమ్మవని తెలిసే రాస్తున్నాను. ఫోనులో ఊఁ, ఆఁ అని తప్పించుకుంటానని, వారం వారం ఉత్తరం రాస్తేనే హాస్టల్లో ఉండనిస్తామని నాయన చేత చెప్పించింది నువ్వే కాబట్టి ఇదిగో మొదటి ఉత్తరం. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపొద్దు.

ఆసుపత్రిలో శిక్షణ మొదలైంది. ఎక్స్‌రే గదికి పెద్ద నయీం సార్. ఆయన తక్కువ మాట్లాడతాడు గానీ మాట్లాడినప్పుడల్లా మాలో ఎవరికో ఒకరికి తగులుతుంది. మొన్న వేముల నుంచి ఒక తాత ఛాతీ ఎక్స్‌రేకు వచ్చాడు. "తాతా, గాలి గట్టిగా పీల్చి బిగబట్టు" అన్నాను. బిగబట్టాడు. బటన్ నొక్కాను. కంప్యూటర్లో బొమ్మ అద్దంలా వచ్చింది. దాన్ని చూసుకుని మురిసిపోతూ, వదలమని చెప్పడం మరిచిపోయాను. తిరిగి చూసేసరికి తాత ముఖం వంకాయ రంగులో ఉంది. పరుగెత్తుకుపోయి "ఎందుకు తాతా వదల్లేదు?" అంటే, "నువ్వు చెప్పల్యా గదమ్మా" అన్నాడు.

మరునాడు ఒకామె ఊపిరితిత్తిలో తెల్లగా ఏదో మెరిసింది. నేను కంగారుపడి ఆసుపత్రంతా వినపడేలా సార్‌ను పిలిచాను. సార్ వచ్చి చూసి, "జాకెట్‌కు పిన్నీసు తీయించినావా?" అన్నాడు. తీయించలేదు. ఆయన చెప్పిన సూత్రం గోడ మీద రాసిపెట్టుకున్నాను: "మెరిసిందంటే ముందు మనిషి పైన వెతుకు. అన్నీ తీయించి మళ్ళీ తియ్యి. అప్పటికీ మెరిస్తే, అప్పుడు లోపల ఉందని చెప్పు."

ఇంకొక పిన్నీసు దొరికితే నన్ను ఈ గదిలోంచి తీసి రికార్డు గదిలో కూర్చోబెడతాడట. శిక్షణ బాగా పూర్తిచేస్తే నీ ముక్కుపుడక నాకిస్తానన్న మాట గుర్తుంది కదా.

నీ మనవరాలు,
హాసిని

మరిచాను: ఒకామె ఎక్స్‌రేకు తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. ఫిల్ము చేతికిస్తే చాలాసేపు చూసి, "అంత నవ్వినా పళ్ళే పడల్యా" అంది. తీసింది మోకాలికి.

జమ్మలమడుగు

చిరంజీవి హాసినికి, పుస్తకాల కన్నా ముందు కంచం చూసుకోమని దీవిస్తూ జేజి రాయునది.

నీ ఉత్తరం అందింది. తప్పులు ఏడు. దిద్దలేదు, గుర్తుపెట్టుకున్నాను. ఆ వేముల తాత వంటి విద్యార్థి నా సర్వీసు మొత్తంలో ఒక్కడు కూడా దొరకలేదు.

ఇక్కడ ఒక ఘోరం జరిగింది. నీకు రావలసిన ఆ ముక్కుపుడక పోయింది. జలుబు చేసి ముక్కు తుడుచుకోలేక, దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. పక్కనే నా బీపీ మాత్రలు, నీళ్ళ గ్లాసు, అరటిపండు తొక్క ఉన్నాయి. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో తెలియక, మాత్రలు తడిమి వేసుకుని, అద్దాలు వెతుక్కుని వచ్చి చూద్దును కదా, ముక్కుపుడక లేదు, తొక్కా లేదు. కిటికీలో ఒక తల ఉంది. ఆ తల నములుతోంది.

ఎవరి తల అనుకున్నావు? పక్కింటి దిల్షాద్ బక్రీదు కోసం మేపుతున్న పొట్టేలు. నుదుట తెల్లమచ్చ ఉందని దానికి చాంద్ అని పేరు పెట్టి, నాకు ఏనాడూ పెట్టని జీడిపప్పు దానికి పెడుతోంది. నేను వెళ్ళి మర్యాదగానే అడిగాను. "నీ బిడ్డ నా సొమ్ము మింగింది" అన్నాను. "టీచరమ్మా, మా చాంద్ శనగలు తింటాది, బెల్లం తింటాది. సొమ్ములు తినేంత చెడ్డ అలవాట్లు మా ఇంట్లో ఎవురికీ లేవు" అంది.

ఆ ముక్కుపుడక ప్రొద్దుటూరు అంగట్లో ఏరి నా ముక్కుకు పెట్టి చూసింది దిల్షాదే. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది ఇద్దరం బస్సులో పోయి తెచ్చుకున్నాం. అందుకే నాకింత మంట.

నువ్వు ఎక్స్‌రే గదిలోనే ఉన్నావు. ఆదివారం చాంద్‌ను ఆటోలో తీసుకొస్తాను. ఒక్క ఫిల్ము తియ్యి. దానికి పిన్నీసులు లేవు.

ఆశీస్సులతో,
శ్యామలమ్మ, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని

తా.క.: గాలి బిగబట్టమంటే అది వినదు. ఆ సంగతి నువ్వు చూసుకో.

పులివెందుల

జేజికి,

నీకు దండం పెడతాను, పొట్టేలును ఇక్కడికి తీసుకురావద్దు. ఇది మనుషుల ఆసుపత్రి. నయీం సార్ ముందు ఆ మాట ఎత్తితే రికార్డు గది కాదు, నేరుగా నిన్నే పిలిపించి నన్ను అప్పగిస్తాడు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అంతగా అనుమానముంటే అక్కడ అడుగు.

అయినా కొంచెం ఓపిక పట్టరాదా. మింగిన చిన్న వస్తువులు చాలావరకు వాటంతట అవే బయటికి వచ్చేస్తాయని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. గమనిస్తూ ఉంటే చాలట.

నేను ఇప్పుడు కిరణాలు తగలకుండా సీసపు కోటు వేసుకుని వార్డులకు కూడా పోతున్నాను. ఆ బరువుకు సాయంత్రానికి భుజాలు నావి కావు. ఒక బుడ్డోడు యంత్రాన్ని చూసి ఏడుపు ఆపడం లేదు. వాడి బొమ్మ జీపుకు ముందు ఎక్స్‌రే తీసినట్టు నటించి, "జీపుకు ఏమీ విరగలేదు, ఇప్పుడు డ్రైవరును చూద్దాం" అన్నాను. చెయ్యి తనే పెట్టాడు. సార్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మా గదిలో పెద్ద బహుమతి.

దిల్షాదవ్వతో గొడవ పెట్టుకోవద్దు. సెలవుకు వస్తే ఎవరింట్లో ముందు తినాలో తేల్చుకోలేక చస్తాను.

హాసిని

మరిచాను: గమనించమన్నానంటే దూరం నుంచి అని అర్థం.

జమ్మలమడుగు

హాసినికి, ఈ ఇంటికి న్యాయం జరిగిన శుభవేళ జేజి రాయునది.

నువ్వు గమనించమన్నావు, గమనించాను. దూరం నుంచి గమనిస్తే ఏం కనిపిస్తుంది? జల్లెడ, పుల్ల, ముక్కాలి పీట పట్టుకుని పోయి చాంద్ వెనకాల కూర్చున్నాను. అది ముందుకు జరిగితే నేనూ జరిగాను. దిల్షాద్ అరుగు మీద నిలబడి, "నా బిడ్డ దొడ్డికి పోవాలంటే సిగ్గుపడతాండాడు, లెయ్ టీచరమ్మా" అంది. లేవలేదు. అప్పటి నుంచి మాటలు బందు. సాయంత్రం టీ గోడ మీదుగా వచ్చేది, అది కూడా బందు. నా టీ నేనే కాచుకుంటున్నాను. బాగుండడం లేదు.

దిల్షాద్‌కు నా మీద కోపం కన్నా పెద్ద బెంగ ఇంకొకటి పట్టుకుంది. మందిసొమ్ము కడుపులో ఉన్న జీవాన్ని కుర్బానీ ఎట్లా ఇచ్చేదని. మసీదులో హజ్రత్‌ను అడిగితే, "ముందు పొరుగామెతో తేల్చుకోమ్మా, మనసులో ముల్లు పెట్టుకుని ఎందుకు" అన్నాడట. దాంతో తనే వచ్చి, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "ప్రొద్దుటూరు పోదాం. నా బిడ్డ నిర్దోషి అని నీ మొగం మీద సూపిచ్చాలి" అంది.

పోయాం. ఆటోలో చాంద్ మధ్యలో కూర్చుంది, మేము చెరో పక్క. నా కొంగు సగం తినేసింది. దించేటప్పుడు వెనకాల నేను పట్టుకుంటే నడుము కలుక్కుమంది, ఇప్పటికీ నిలబడితే వంగలేను, వంగితే నిలబడలేను. పశువైద్య కళాశాల పిల్లలు మంచివాళ్ళు, నవ్వుతూనే తీశారు. ఫిల్ములో ఏమొచ్చిందనుకున్నావు? పొట్ట నడిమధ్యలో తెల్లగా, చిన్నగా, ధగధగా ఒక ముక్క. చూసే డాక్టరు భోజనానికి వెళ్ళాడన్నారు. నాకు డాక్టరెందుకు? జీర్ణవ్యవస్థ పాఠం సర్వీసంతా చెప్పినదాన్ని. నెమరువేసే జంతువుకు ఉన్న నాలుగు గదులలో ఏ గదిలో నా సొమ్ము ఉందో దిల్షాద్‌కు అక్కడే వేలు పెట్టి చూపించాను.

దిల్షాద్ దారంతా చాంద్ మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నేను గెలిచాను. గెలిస్తే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు.

ఫిల్ము ఇందులో చుట్టి పంపుతున్నాను. మీ సార్‌కు చూపించి, ముక్కుపుడకే అని రాయించి సంతకం పెట్టించు.

ఇట్లు,
గెలిచిన శ్యామలమ్మ

తా.క.: అమృతాంజనం అయిపోయింది. వచ్చేటప్పుడు పెద్ద సీసా తీసుకురా.

పులివెందుల

జేజికి,

ఫిల్మును సార్‌కు రహస్యంగా చూపిద్దామనుకున్నాను. అది బల్ల మీద విప్పగానే తిరిగి చుట్టుకుపోయి, జారి, సార్ కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి వెలుగులో పెట్టి, "ఈ పేషెంటు ఎవురు?" అన్నాడు. చెప్పాను. గదిలో ఉన్న శిక్షణ పిల్లలందరినీ పిలిచాడు. నా శిక్షణ అయిపోయిందనుకున్నాను.

"హాసినీ, ఇది యాడుంది, లోపలా బయటా? సరిగా చెప్తే ఈ గదిలో ఉంటావు" అన్నాడు.

జేజీ, నా చెమట చూస్తే నువ్వే జాలిపడేదానివి. దగ్గరగా చూశాను. ఆ మెరిసేది గుండ్రంగా లేదు. పొడవుగా, గొట్టంలా, రెండు చివరలా మూత ఉన్నట్టుంది. దానికి చిన్న కొక్కెం. "బయట ఉంది సార్. తావీదు" అన్నాను. సార్ ఫిల్ము దించి, "మీ జేజి కన్నా నయం" అన్నాడు.

దిల్షాదవ్వను అడుగు. అంత అందమైన పొట్టేలుకు దిష్టి తగలకుండా, ఎవరికీ కనపడకుండా, పొట్ట కింద నల్లదారంతో తావీదు కట్టి ఉంటుంది. అది తీయకుండా ఫిల్ము తీశారు. నా పిన్నీసు, నీ తావీదు, రెండూ ఒకటే.

బక్రీదు ముంచుకొస్తోంది. ఆమె తనది కాని తప్పును మోస్తోంది. వెళ్ళి క్షమించమని అడుగు. నువ్వు క్లాసులో మా అందరి చేత అడిగించేదానివి కదా.

హాసిని

మరిచాను: నడుముకు అమృతాంజనం కాదు, ప్రొద్దుటూరులో ఎక్స్‌రే తీయించుకో. ఒంటి మీద ఇనుము, బంగారం, పిన్నీసు ఏదీ లేకుండా పో. నా పరువు తీయొద్దు.

జమ్మలమడుగు

హాసినికి, ఇంకెవరికీ చదివి వినిపించవద్దని ముందే చెప్పి, జేజి రాయునది.

నీ ఉత్తరం చదివి దిల్షాద్ ఇంటికి వెళ్ళాను. చాంద్‌ను వెల్లకిలా పడుకోబెట్టి చూశాం. తావీదు ఉంది. దిల్షాద్ కళ్ళు తుడుచుకుని, "సూసినావా" అని నాతో కాదు, చాంద్‌తో అంది. నేను క్షమించమన్నాను. నోరు తిరగలేదు గానీ అన్నాను. "అయితే నీ సొమ్ము యాడికి పోయింది టీచరమ్మా" అని అడిగింది. తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు.

నడుము ఎక్స్‌రేకు తనే తోడు వచ్చింది. నీ పరువు కోసం గాజులు, గొలుసు, చెవులవి, జుట్టులో సూదులు, అన్నీ తీసి ఆమె ఒళ్ళో పోశాను. తీసే పిల్లకు "నా పైన ఒక్క గుండుసూది కూడా లేదమ్మా, మా మనవరాలు పులివెందులలో ఇదే చదువుతోంది" అని గొప్పగా చెప్పాను. తీసింది. చూసి, "అవ్వా, రవికకు కొక్కేలు ఉన్నట్టున్నాయి" అంది. నాకు కోపం వచ్చింది. "మెరిసిందంటే ముందు పైన వెతకాలని తెలియదా?" అని నీ సార్ సూత్రం మొత్తం ఆ పిల్లకు అప్పజెప్పాను. పాపం, ఆసుపత్రి గౌను వేయించి, వెతికి, మళ్ళీ తీసింది.

అప్పటికీ మెరిసింది.

డాక్టరు ఫిల్మును వెలుగులో పెట్టి నన్ను పిలిచాడు. నడుము ఎముకకు కుడి పక్కన, కిందుగా, ఒంటిరాయి, దాని కింద సన్నటి మర. ప్రొద్దుటూరు పనితనం, ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. కళ్ళద్దాలు లేకుండా ఆ రోజు నేను తడిమి వేసుకున్న మాత్రలలో ఒకటి మాత్ర కాదు. "పేగులో ఒక మూల కుదురుకుని కూర్చుంది, భయం లేదు, దానంతట అదే వస్తుంది, గమనించండి" అన్నాడు. నడుముకు ఏమీ కాలేదట.

దిల్షాద్ ఆ ఫిల్ము వైపు చాలాసేపు చూసింది. నా గాజులు ఒక్కొక్కటిగా నా చేతికి తొడిగి, "ఇది పెద్దపేగా, చిన్నపేగా? పాఠం చెప్పినదానివి గదా, వేలు పెట్టి సూపిచ్చు" అంది. చూపించాను. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టి జమ్మలమడుగు బస్టాండులో దిగేదాకా ఆపలేదు. బస్సులో ముందు సీటు ఆయనకు కూడా చెప్పింది.

మరుసటి రోజు ఉదయం నేను స్నానాల గది తలుపు తీసేసరికి బయట ముక్కాలి పీట, దాని మీద దిల్షాద్, ఒళ్ళో జల్లెడ, చేతిలో పుల్ల. "దూరం నుంచి సూస్తే ఏం కనిపిస్తాది టీచరమ్మా" అంది. గోడ మీదుగా టీ మళ్ళీ వస్తోంది, జీడిపప్పుతో సహా.

బక్రీదు బాగా జరిగింది. దిల్షాద్ మనసులో ముల్లు లేకుండా కుర్బానీ ఇచ్చింది. మన వంతు కూర గిన్నెతో తనే తెచ్చి, "అద్దాలు పెట్టుకుని తిను" అని చెప్పి వెళ్ళింది. పెట్టుకునే తిన్నాను.

మీ సార్‌కు నా నమస్కారాలు. ఆయన సూత్రం మంచిదే గానీ, అది నా మీద పనిచేస్తుందని నువ్వు చెప్పలేదు.

ఆశీస్సులతో,
అద్దాలు పెట్టుకున్న నీ జేజి

తా.క.: జల్లెడ పని ముగిసింది, సొమ్ము దొరికింది. దిల్షాద్ దాన్ని వేడినీళ్ళలో వేసి, నిమ్మకాయతో రుద్ది, ప్రొద్దుటూరు తీసుకెళ్ళి మెరుగు పెట్టించింది. కొత్తదానిలా ఉంది. నేను మాట తప్పే మనిషిని కాదు. శిక్షణ పూర్తి కాగానే వచ్చి నీ ముక్కుపుడక తీసుకుపో.