సున్నా చూపించని రక్తం

జమున వదినకు,

రఘుపతి మామ రేపు మీ ఊరికి బయల్దేరుతున్నాడు, చీరలతో పాటు ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఫోన్ చేస్తే మీ తల్లిగారిల్లంతా స్పీకర్‌లో వింటుంది. ఇది ముందు నీకొక్కదానికే తెలియాలి.

గర్భం నిలిస్తే రక్తంలో పెరిగే హార్మోన్‌ను కొలవడానికి మా ల్యాబ్‌లో కొత్త పరీక్ష తయారుచేస్తున్నాం కదా. గర్భం లేనివాళ్ల రక్తంలో అది సున్నా చూపించాలి. అందుకే నువ్వు సూరత్ నుంచి బయల్దేరే ముందు నీ రక్తం అడిగాను. "సున్నా గావాల్నా? నాకంటె మంచిగ ఇంకెక్కడ దొరుకుతది, తీస్కో" అని నవ్వావు. పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేని నీ నోట ఆ మాట విని నాకు నవ్వు రాలేదు.

అందరి రక్తమూ సున్నా చూపింది, నీది తప్ప. పరీక్షకు వాడే మందు పాడైందని తిట్టుకుంటూ మళ్లీ కలిపాను. మళ్లీ అంతే. చివరికి మా మేడమ్ దాన్ని ఆసుపత్రి మిషన్‌లో పెట్టించింది. అక్కడా అదే! "టెస్ట్ బరాబర్ ఛే" అని, మన పరీక్షలో తప్పేం లేదని ఆమె నవ్వితే, నేను చేతి తొడుగులు తీయకుండానే ఎగిరి గంతేశాను.

వెంటనే డాక్టరుకు చూపించుకో. అన్నకు నువ్వే చెప్పు, త్వరగా చెప్పు, నా నోరు ఆగేలా లేదు.

నేను మాత్రం ఇంకెక్కడైనా సున్నా వెతుక్కోవాలి. నీ దగ్గర ఇక దొరకదు.

నీ ఆడబిడ్డ